పెద్దులు భుజం, జమేదారు సాక్ష్యం

నందికొండ రేవులో పెద్దులంతటి పుట్టి నడిపేవాడు ఇంతవరకూ లేడు, ఇకముందు రాబోడు. ఈ మాట చెప్పింది పెద్దులే. గుండ్రటి తోలుపుట్టిని ఒంటిచేత్తో కృష్ణ దాటిస్తూ, రెండో చేత్తో చుట్ట ముట్టించేవాడు. అలాంటివాడి కుడిభుజం విరిగింది. మొసలితో కుస్తీ పట్టానన్నాడు. పుట్టి ఆరబెడుతూ బండమీద జారిపడ్డాడని భార్య బిక్షమ్మ ఊరంతా చెప్పింది.

కేతేపల్లిలో ఎముకలు కట్టే మల్లప్ప వెదురుబద్దలతో కట్టు కట్టాడు. అది విప్పేసరికి చలికాలం వచ్చింది. ఊళ్లమీద రజాకార్ల గోల కూడా ముదిరింది.

ఆ రేవుకో కట్టుబాటు ఉంది. మంచానపడి లేచినవాడు మళ్లీ తెడ్డు పట్టాలంటే, ఒక మనిషిని అవతలి గట్టుకు చేర్చి, కాలు తడవకుండా వెనక్కి తేవాలి. ఆ మనిషి రేవుపెద్ద కాటమయ్య ముందు నిలబడి "దాటించిండు" అనాలి. లేకపోతే తెడ్డు ఇంకొకడిది. పెద్దులు గట్టుమీద కూర్చుని వలలు అల్లుకోవాల్సిందే.

"నువ్వెక్కుతవానే?" అని భార్యనడిగాడు.

"నాకింకా బతకాలనుంది," అంది బిక్షమ్మ.

ఊళ్లో ఇంకెవరూ ఎక్కలేదు. ఒక పొద్దున, మనిషికి మనిషి కనబడని మంచులో, నిజాం పోలీసు జమేదారు తుపాకీతో దిగాడు. నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్లు అవతలి గట్టున దాక్కున్నారని ఎవరో చెప్పారట.

"అరే, జల్దీ నడుపు!"

"ఫికర్ చెయ్యకు దొరా. కండ్లు మూసి తెరిచేలోపల అవతలుంటవు."

నీళ్లంటే హడలిపోయే జమేదారు నిజంగానే కళ్లు మూసుకున్నాడు. పెద్దులు భుజం ఒకవైపే లాగింది, రెండోవైపు మొరాయించింది. పుట్టి బొంగరమైపోయింది.

"గిదేందిరా, తిరుగుతాంది?"

"సుడిగుండాలు దొరా! నా చెయ్యి గాబట్టి ఇంకా బతికున్నం."

చివరికి పుట్టి ఏదో బండకు తగిలింది. జమేదారు తూలుతూనే దూకి, మంచులో పొగ కనబడ్డ చోటికి పరిగెత్తి, పొయ్యి దగ్గరున్న వాడిమీద పడ్డాడు.

"దొరికినవ్‌రా సంఘపోడా!"

"నేను ఐలేశాన్ని దొరా! మీ వంటోన్ని! మీ రొట్టెలే కాలుస్తున్న!"

జమేదారు చుట్టూ చూశాడు. తన డేరాయే. తన గుర్రమే. అది మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుంది. వాళ్లు బయలుదేరిన గట్టునే, రేవుకు కాస్త దిగువన తేలారు.

తెడ్డు పోయినట్టే, ప్రాణం కూడా పోయేట్టుందని పెద్దులు పుట్టి వెనక నక్కాడు. జమేదారు తుపాకీ ఎత్తి, ఏదో ఆలోచించి దించాడు. సొంత వంటవాణ్ణి పట్టుకున్న సంగతి పైవాళ్లకు తెలిస్తే ఇంకేమైనా ఉందా! పుట్టిని ఒడ్డువెంట లాగిస్తూ, పెద్దుల్ని మెడపట్టుకుని రేవుకు నడిపించుకొచ్చాడు. అక్కడ కాటమయ్యతో సహా ఊరంతా ఉంది.

"అవతలంతా దేవులాడిన. నన్ను చూడంగనే ఉరికిండ్రు!"

"అంటే, మావోడు దాటించిండా దొరా?" అన్నాడు కాటమయ్య. ఐలేశం కేకలన్నీ ఆయన చెవిన పడే ఉన్నాయి.

"దాటించిండు! నా బూట్లు చూడు, చుక్క నీళ్లంటినయా?"

తుపాకీ ఉన్నవాణ్ణి అబద్ధాలకోరు అనేదెవరు? కాటమయ్య నవ్వు బిగబట్టి తెడ్డు అందించాడు.

"పట్టుకోరా. గని భుజం తిరిగేదాకా నీ పెండ్లాం ఇంకో తెడ్డుతోని పక్కన కూసుంటది."

బిక్షమ్మ అప్పటికే కొంగు దోపుకుని పుట్టిలో కూర్చుంది.

"రారాదయ్యా," అంది. "మొసలొస్తే నేను జూసుకుంట. నువ్వు చుట్ట ముట్టించు."