గట్టయ్య నాడె

ముప్పై ఏళ్లు మరమగ్గాల హోరులో పనిచేసిన గట్టయ్యకు మనుషుల మాట సరిగా వినిపించదు. బండి మాట మాత్రం వినిపిస్తుంది. మరమగ్గాల పేట కామత్‌ఘర్ సందులోని అతని గ్యారేజీకి ఏ కారొచ్చినా ముందు పానా పట్టడు. చేతులు తుడుచుకుని, గూట్లోంచి, మగ్గం మీద అటూ ఇటూ దూకుతూ దారం నడిపే, అరిగి నున్నబడ్డ చెక్క నాడె తీస్తాడు. ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకు నొక్కుకుని కళ్లు మూసుకుంటాడు. ఒకప్పుడు మగ్గం జబ్బూ అట్లాగే పట్టేవాడు. "ఈడ గాలి నిండ దూదే. ఫిల్టరు నెలకోపారి దులుపుండ్రి" అని అందరికీ చెప్పి పంపిస్తాడు.

బడిపిల్లల్ని తిప్పే నమ్రత రెండేళ్ల కారు టకటకమన్నప్పుడూ అట్లాగే విన్నాడు. షోరూంవాళ్లు అప్పటికే రెండుసార్లు చప్పుడేమీ లేదని పంపేశారు. "నువ్వే ఇప్పు కాకా" అని ఆమె గట్టిగా అరిచింది.

"నేనిప్పితే నీ వారంటీ పోతది బిడ్డా. లోపల బేరింగు పోయింది. వారంటీ ఇంక పదకొండు దినాలే ఉన్నది, నడు."

షట్టరు దించి ఆమెతో షోరూంకు వెళ్లాడు. అక్కడి ఇంజనీరు చెవి వెనక నాడె నొక్కిపట్టి, అతను తలూపేదాకా చెయ్యి తియ్యలేదు. బేరింగు ఉచితంగా మార్చారు.

నాలుగో రోజు నమ్రత కారు తెచ్చి ఆపగానే, ఆమె నోరు తెరవకముందే గట్టయ్య నాడె పట్టుకుని, నడుస్తున్న ఇంజను వినసాగాడు. ఆమె ఇంజను ఆపి దిగింది. వంగి, ఇంజను మీదున్న నాడె కొసను తన నోటికి ఆనించుకుంది.

"నువ్వు సల్లగుండాలె కాకా."

గట్టయ్య కళ్లు తెరవలేదు. "ఇప్పుడు మంచిగ ఇనవడుతున్నది" అన్నాడు.