లేని మలుపు

ఆ రోజు మేం రేపల్లె దాటి మా ఆయన మేనత్తగారి ఊరు వెళ్తున్నాం. ఆ దారిలో వెళ్లడం నాకదే మొదటిసారి. కారు నేనే నడుపుతున్నాను. ఎండ మెత్తగా ఉంది, కాలవ పక్కనే రోడ్డు, రెండు వైపులా పొట్ట మీదున్న వరి చేలు. ఉన్నట్టుండి వడ్లు ఉడకబెట్టే వాసన వచ్చింది. దాని వెనకే, ఈ దారి నాకు బాగా తెలుసన్న హాయి. కల్వర్టు దాటగానే ఎడమ మలుపు ఉందనిపించి స్టీరింగ్ తిప్పాను. అక్కడ మలుపు లేదు.

కారు చేలోకి దిగి బురదలో కూర్చుంది. దేవుడి దయ, ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

"ఎందుకు తిప్పావే?" అన్నారు మా ఆయన.

"ఇక్కడ లెఫ్ట్ ఉందిగా అండీ!"

"ఈ రోడ్డు మీదికి నువ్వెప్పుడొచ్చావు? ఇందాకట్నుంచి ఏదో నములుతున్నట్టు ఆ నోరాడించడం ఏంటి?"

నేను ఏమీ నమలలేదు. ఆయన చెప్పేదాకా ఆ సంగతే తెలియదు.

నేను ర్యాలీ డ్రైవర్ని. నాన్నకు తెనాలిలో రైసు మిల్లు పక్కనే డ్రైవింగ్ స్కూలు ఉండేది. ఆదివారాలు బాపట్ల తీసుకెళ్లి సూర్యలంక ఇసుకలో కారు నా చేతికిచ్చేవారు. "బలం చూపించకే, ఇసుక చెప్పేది విను" అనేవారు. అలా మొదలై కొండదారుల పందేల దాకా వెళ్లాను. పెళ్లయ్యాక మా ఆయన పక్క సీట్లో కూర్చుని, రాబోయే మలుపుల్ని నోట్సు చూసి ముందుగా చదివి చెప్పేవారు. ఇంట్లో ఎవరి మాట నెగ్గినా, కారులో ఆయన మాటే వేదవాక్కు.

ర్యాలీకి ముందు ఆ దారంతా ఒకసారి నెమ్మదిగా నడిపి చూసుకోనిస్తారు. అందుకే పందెంలో 'ఈ దారి నాకు తెలుసు' అనిపిస్తే ఏ డ్రైవరూ భయపడడు, సంబరపడతాడు. నాకు కొన్నేళ్లుగా ఏదో ఒక మలుపులో ఆ వడ్ల వాసన వచ్చేది. ఎర్రటి దుమ్ములోంచి మా మిల్లు వీధి లేచి ఎదురొచ్చినట్టుండేది. చప్పుడంతా దూరమైపోయి, కారు నీళ్ల మీద తేలుతున్నట్టుండేది. అదంతా నా పనితనమనుకున్నాను, నాన్న దీవెన అని కూడా అనుకున్నాను. వేరే పని చేసుకునే మనిషైతే ఎప్పుడో డాక్టరు దగ్గరికి వెళ్లేదేమో.

కారు చేలోకి దిగాక తెనాలి ఆస్పత్రిలో నీరసమని చెప్పి సెలైన్ ఎక్కించారు. మా ఆయనకు మనసొప్పక గుంటూరులో న్యూరాలజిస్టుకు చూపించారు. తలనిండా వైర్లు అంటించి ఈఈజీ తీశారు, ఎమ్మారై అయింది. డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టి, "లేని వాసనలేమైనా వస్తుంటాయామ్మా?" అని అడిగారు. నా రహస్యం ఆవిడకెలా తెలిసిందా అని ఉలిక్కిపడ్డాను.

"వీటిని ఫోకల్ సీజర్స్ అంటారు, ఒక రకం మూర్ఛ. మెదడులో టెంపోరల్ లోబ్‌లో మొదలవుతాయి. తెలిసిన చోటులా అనిపించడం, తెలియకుండా నోరాడించడం కూడా సీజరేనమ్మా. టాబ్లెట్లతో చాలామందికి అదుపులోకి వస్తుంది. డ్రైవింగ్ మాత్రం వద్దు. రేసింగ్ మాట ఇక తలపెట్టకండి."

స్టీరింగ్ పోయినందుకు ఏడ్చాను. కానీ అంతకన్నా పెద్ద దిగులు మరొకటి పట్టుకుంది. అలమరలో ఉన్న ర్యాలీ కప్పులన్నీ నేను గెలిచానా, నా జబ్బు గెలిచిందా?

టాబ్లెట్లు మొదలుపెట్టాక పగలంతా మగతగా ఉండేది, మాట తడబడేది. వాసన ఆగిపోయింది. పుట్టింటి తలుపు మూసేసినట్టు అనిపించింది. ఆ హాయి ఒక్కసారి మళ్లీ వస్తే చాలనిపించి, ఎవరికీ చెప్పకుండా టాబ్లెట్లు మానేశాను.

వచ్చింది. సూర్యలంకలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాను. అల వెనక్కి వెళ్తుంటే కాళ్ల కింద ఇసుక జారుతోంది, సముద్రమంతా వడ్ల వాసన వేస్తోంది. ఆ తర్వాతేమీ గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి ఒడ్డున ఉన్నాను. ఈసారి ఒళ్లంతా కొట్టుకుందట, మా ఆయన బయటికి లాక్కొచ్చారట. నా పిడికిట్లో ఎవరిదో తాళాల గుత్తి ఉంది.

"భయపడమాకమ్మా, ఇనుం పట్టుకుంటే తగ్గుద్ది" అంటోంది చేపలమ్మే అక్క ఒకామె.

డాక్టరమ్మ అంతా విని ముందు నవ్వారు, తర్వాత గట్టిగా కోప్పడ్డారు. "అది దానంతటదే ఆగింది. తాళాలతో పనిలేదు, పక్కకు తిప్పి పడుకోబెడితే చాలు. చేతిలో పెట్టాల్సింది టాబ్లెట్. కారు తాళాలు మాత్రం పొరపాటున కూడా ఇవ్వకండి" అన్నారు మా ఆయనతో.

తిరుగు బస్సులో దాచుకున్నదంతా ఆయనకు చెప్పేశాను. "ఆ వాసన లేకపోతే నేనేం డ్రైవర్నండీ?"

ఆయన నావైపు వింతగా చూశారు. "పిచ్చిమొహమా! అప్పుడప్పుడు మలుపులో నా మాట వినపడనట్టు నెమ్మదించేదానివి. గొంతు చించుకుని అరిస్తే గానీ ఈ లోకంలోకి వచ్చేదానివి కాదు. జాగ్రత్త పడుతున్నావనుకున్నా. మనకి టైము పోయింది అక్కడేనే. మిగతా దారంతా నువ్వేగా నడిపింది!"

ఎగురుతున్నాననుకున్న చోటే ఆగిపోయేదాన్నట. కిటికీలోంచి చేలు చూస్తూ నవ్వాను, ఏడ్చాను. కప్పులు నావే. సగం ఆయన గొంతువి.

తర్వాత మందు మార్చారు, మోతాదు కుదిరింది. నాన్న డ్రైవింగ్ స్కూలు షెడ్డులోనే చిన్న ర్యాలీ టీము పెట్టాను. నడిపేది కొలకలూరు అమ్మాయి మెర్సీ. ఇసుకలో పక్కన కూర్చుని నేనే నేర్పాను. మొన్న పందెం ముగించి దిగి, "అక్కా, ఒక మలుపులో దారంతా ముందే తెలిసినట్టుందక్కా!" అని మురిసిపోయింది.

నేను తన భుజం పట్టుకుని ఆపాను. "వాసనేమన్నా వచ్చిందా?"

"రాకేం, పెట్రోలు వాసన!" అని పకపకా నవ్వింది.

మీకు ఒక్కటే చెబుతాను. నొప్పినే కాదు, కారణం లేకుండా వచ్చిపోయే హాయిని కూడా డాక్టరుకు చెప్పండి. నేనది గొప్పనుకుని దాచుకున్నాను.

మిల్లు ఇంకా నడుస్తోంది. సాయంత్రం ఆవిరి వదిలితే షెడ్డంతా ఆ వాసనే. చేస్తున్న పని ఆపి, "ఏవండీ, మీక్కూడా వస్తోందా?" అని అడుగుతాను.

"వస్తోందే" అంటారు ఆయన. నేను మళ్లీ పనిలో పడతాను.