పప్పులో బెల్లం గురించి నా ఉపన్యాసం

నా మొదటి బహిరంగ ఉపన్యాసాన్ని ఈ లోకంలో పూర్తిగా విన్నది ఒకే ఒక్క మనిషి. మిగతావాళ్ళకు ఒక్క ముక్క కూడా వినపడలేదన్న సంగతి ఆ మనిషికి నేను చెప్పలేదు. ఒకాయన విన్నాడన్న సంగతి మిగతావాళ్ళకూ చెప్పలేదు. డైరీలో రాసుకున్నాను గానీ, డైరీతో చెప్పుకోవడం చెప్పడం కిందికి రాదు కదా.

కరోనా రోజులనగానే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి గుర్తొస్తుంది. నాకు మాత్రం ముందు నిశ్శబ్దం గుర్తొస్తుంది. మాది సూరత్‌లో నవాగామ్. బాపు పుట్టింది కరీంనగర్ వైపు పల్లెలోనే అయినా, నేను పుట్టకముందు నుంచీ ఇక్కడి సాంచెల మీదే పని. (మరమగ్గాలను మా ఇళ్ళలో సాంచెలనే అంటారు.) కార్ఖానాలో అవన్నీ ఒక్కసారిగా ఆడుతుంటే పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినిపించదు. అందుకని అక్కడ ఎవరూ గొంతుతో మాట్లాడరు. నోరు బాగా తెరిచి పెదవులు కదుపుతారు, కనుబొమ్మలు ఎగరేస్తారు, అవతలివాడికి అర్థమైపోతుంది. జోకులు కూడా అలాగే వేసుకుంటారు. ఇంటికొచ్చాక కూడా బాపు చెవుల్లో ఆ హోరు చాలాసేపు ఉండేది కాబట్టి ఆయన అరిచి మాట్లాడేవాడు, మేము గొంతు దండగని పెదవులతో జవాబు చెప్పేవాళ్ళం. పుట్టుకతోనే సిగ్గరినైన నాకు ఈ ఏర్పాటు ఎంత నచ్చిందంటే, దాన్ని మొత్తం ప్రపంచానికి వర్తింపజేశాను. బళ్ళో టీచరు నన్ను నిలబెట్టి, "పెదవులు కదులుతున్నాయి, మాట ఏదమ్మా?" అనేవారు. మాట నాలోపలే ఉండేది, క్షేమంగా.

లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగిపోయినప్పుడు మా గల్లీకి ఒక కొత్త కష్టం వచ్చిపడింది. హోరు లేకపోవడంతో, మా బాపులందరూ ఎంత గట్టిగా మాట్లాడతారో అప్పుడే బయటపడింది. ఎవరింట్లో చాయ్‌లో చక్కెర తక్కువైందో, ఎవరు అత్తగారితో అలిగారో పది ఇళ్ళకూ తెలిసిపోయేది. హైదరాబాద్‌లో హాస్టల్ మూసేస్తే ఒక సంచీ బట్టలూ రెండు సంచుల పుస్తకాలతో నేనూ ఆ గోలలోకే వచ్చిపడ్డాను.

ఎమ్మే అయిపోయింది. పీహెచ్‌డీలో సీటొచ్చింది. హాస్టల్ తెరవగానే వెళ్ళాలి. ఇక్కడే చిక్కొచ్చింది. రింగ్ రోడ్‌లో చీరల దుకాణం నడిపే చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, నాకొక ఉద్యోగం చూసిపెట్టాడు. బేరగాళ్ళు మార్కెట్‌కు రావడం తగ్గిపోయి చీరలన్నీ ఫోన్లలోనే అమ్ముడవుతున్న రోజులవి.

"చీరె ఫోటో దీసుడు, వాట్సప్‌ల పెట్టుడు. కూసున్నకాడ పని. నీకెట్లాగు మాట్లాడరాదు, ఫోటోకు మాటెందుకు బిడ్డా?" అన్నాడు చిన్నబాపు. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అదే నా బాధ.

బాపు మాత్రం ఎటూ తేల్చలేదు. "నువ్వు సదివేది ఏందో నాకు సమజ్ గావాలె. సమజైతె పంపిస్త. కాకుంటె చిన్నబాపు చెప్పినట్టు చేద్దాం" అన్నాడు.

నేను చెప్పబోయాను. వలస వచ్చిన తెలంగాణ ఇళ్ళలో వంటలు ఎలా మారాయో, వాటి పేర్లు ఎలా మారాయో అదే నా పరిశోధన అన్నాను.

"వంట సంగతి సదువుడేంది? మీ అమ్మనడిగితె చెప్పదా?" (నిజానికి నా పరిశోధనలో సగం అమ్మనడగడమే. ఆ మాట అప్పుడు చెప్పలేదు.) బాపే మళ్ళీ అన్నాడు, "చెప్తున్నవ్ గని నేలను చూస్కుంట చెప్తున్నవ్. నేలకేమన్న సమజైతుందేమో!"

సరిగ్గా అప్పుడే మా గైడు మేడం ఫోన్ చేశారు. పరిశోధన విశ్వవిద్యాలయం గోడల మధ్య ఉండిపోకూడదనీ, నలుగురికీ అర్థమయ్యే తెలుగులో వారానికొక ఉపన్యాసం ఇంటర్నెట్‌లో పెడుతున్నామనీ, వచ్చే వారం నన్ను మాట్లాడమనీ అన్నారు. మామూలుగా అయితే నాకు ఆ వారమంతా జ్వరం వచ్చి ఉండేది. కానీ ఇది ఎవరైనా ఫోన్లో చూడొచ్చట. అంటే బాపు కూడా చూడొచ్చు. సరేనన్నాను. ఆ 'సరే' కూడా మేడంకు వినపడక రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

ఉపన్యాసం రోజున బాపు, తనది బటన్ల ఫోను కాబట్టి, నన్ను చూడటానికి అమ్మ ఫోను పట్టుకుని కార్ఖానాకు వెళ్ళాడు. అప్పటికి సాంచెలు మళ్ళీ మొదలయ్యాయి. ఇంట్లో ఏర్పాట్లన్నీ అమ్మ చేతిలో ఉన్నాయి. కుక్కర్ కూత పెట్టకుండా పొయ్యి ఆర్పేసింది. ఫ్యాన్ ఆపేసింది. పక్కింటి మిక్సీని గంటసేపు మూయించింది. గల్లీలోకి కూరగాయల బండి వస్తే ఎదురెళ్ళి, "భయ్యా, ధీరే బోలో, బేటీకా భాషణ్ చాలూ హై!" అని, మెల్లగా మాట్లాడమని చెప్పడానికి కూరగాయలాయన కంటే గట్టిగా అరిచింది. నవాగామ్ చరిత్రలో అంతటి నిశ్శబ్దం లాక్‌డౌన్‌లో కూడా లేదు.

లోపలి గదిలో నా ఏర్పాట్లు నావి. తెర మీద మనుషుల ముఖాలు కనబడితే నాకు మాట రాదు కాబట్టి, కెమెరాను వదిలేసి ఫోను మీద మిగతా భాగమంతా తెల్లకాగితం అంటించడానికి సిద్ధంగా పెట్టుకున్నాను. మధ్యలో ఎవరైనా దగ్గితే అక్కడే ఆగిపోతాను కాబట్టి, మేడం నా పేరు చెప్పగానే ఫోను శబ్దం పూర్తిగా తగ్గించేశాను. కాగితం అంటించాను. "మీ వంతు వచ్చేదాకా మైకు ఆపి ఉంచండి" అని మేడం ముందే చెప్పి ఉన్నారు. నేను చెప్పిన మాట వినే పిల్లను. ఆపే ఉంచాను. వంతు వచ్చాక ఏం చేయాలో ఆవిడ చెప్పలేదు. (చెప్పనక్కర్లేదనుకుని ఉంటారు.)

ఆ కాగితాన్ని బాపు ముఖం అనుకుని మాట్లాడాను. నేలను చూడలేదు. గడగడా చెప్పుకుపోయాను. నానమ్మ చేసిన సర్వపిండి గురించీ, జొన్నరొట్టె పోయి గోధుమ రోట్లీ వచ్చిన వైనం గురించీ, చివరికి గుజరాతీ ఇరుగుపొరుగు చలవతో మా ఇంటి పప్పులోకి బెల్లం ఎలా చేరిందో కూడా చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు ఏకబిగిన మాట్లాడటం అదే మొదలు. చెమటలతో నమస్కారం పెట్టి, కాగితం పీకాను.

తెరంతా రాతలే. 'వినపడటం లేదు.' 'మైకు, మైకు!' 'అమ్మా, మైకు ఆన్ చేయండి.' ఒక పెద్దాయన మాత్రం, 'అమ్మాయి స్వరం చాలా సున్నితం. వాల్యూమ్ పూర్తిగా పెట్టుకుని వింటున్నాను' అని రాశారు. ఆయనకు నా జన్మంతా రుణపడి ఉంటాను. నా బొమ్మ కింద మైకు గుర్తు మీద ఎర్రగా ఒక గీత.

మేడం ఫోన్ చేశారు. ఆవిడ ఎవరినీ నొప్పించని మనిషి. "చాలా శ్రద్ధగా చెప్పావమ్మా. నీ ముఖం చూస్తుంటే మధ్యలో ఆపేయడానికి మనసొప్పలేదు. ఏం చెప్పావో మాత్రం తెలియలేదు. నువ్విచ్చిన ఇంకో నెంబరుకు ఎన్నిసార్లు చేసినా ఎవరో కట్ చేస్తున్నారు" అన్నారు.

ఆ ఇంకో నెంబరు అమ్మ ఫోను. అంటే ఆ సమయాన బాపు చేతిలో ఉన్నది.

సాయంత్రం దాకా గదిలోంచి బయటికి రాలేదు. చీరల ఫోటోలు ఎలా తీయాలో ఆలోచిస్తూ పడుకున్నాను. వెలుతురు ఎటు నుంచి పడితే జరీ మెరుస్తుంది, ఇలాంటివి. బాపు అడుగుల చప్పుడు వినగానే కళ్ళు మూసుకున్నాను. వెనకాలే ఆయన సాంచె పక్కనే పనిచేసే తంబాకు మామ గొంతు వినిపించింది.

"ఏమ్మా, మీ ఇంట్ల పప్పుల బెల్లమేస్తరట గదా! పాయసంల చింతపండు పోస్తరా ఏంది?"

లేచి కూర్చున్నాను. గుమ్మంలో అమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "ఎవరు చెప్పిన్రు నీకు?"

"నీ బిడ్డె చెప్పింది, ఫోన్ల. సాంచె మీద పెట్టుకొని సూసినం. నేను జర సేపే సూసిన, సేటు వచ్చిండు. ఈయన మొత్తం సూసిండు. దారం దెగింది గూడ సూస్కోలే!"

బాపు చొక్కా విప్పుతూ నా వైపు తిరిగాడు. "మా అవ్వ సర్వపిండి సంగతి చెప్పినవ్ గదా, అది మంచిగుండె. రొట్టె పోయి రోట్లీ వచ్చింది అన్నవ్, అది గూడ నిజమే. గని బెల్లం మాట ఎందుకు చెప్పినవే, నలుగుట్ల!"

నాకు అప్పుడు వెలిగింది. సాంచెల మధ్య ఫోను శబ్దం వినపడుతుందని ఎవరనుకుంటారు? ఫోను మూగగా ఉందా, మాట్లాడుతోందా అన్న అనుమానమే అక్కడ ఎవరికీ రాదు. చిన్నప్పటి నుంచి నా నోరు చూసి నా మాట విన్న మనిషి, ఆ రోజూ అలాగే విన్నాడు. "ఎవరో ఊకె ఊకె ఫోన్ జేస్తున్నరు. బిడ్డ మాట్లాడుతుంటె గిదేం లొల్లి అని కట్ జేసిన" అని కూడా చెప్పాడు, చాలా గర్వంగా.

"నీ బొమ్మ కింద ఎర్రగ గీత లెక్క ఉండె, అదేంది?" అని అడిగాడు.

"అదేం లేదు బాపూ, నెట్‌వర్క్" అన్నాను, పెదవులతోనే.

ఆయన నా ముఖం కాసేపు చూశాడు. తర్వాత చిన్నబాపుకు ఫోన్ చేసి, గల్లీ అంతటికీ వినపడేలా, "ఫోటోలకు ఎవర్నన్న సూస్కోరా. ఈమె సదువుకుంటది. ఏం సదువుతుందో నాకు సమజైంది" అన్నాడు. అమ్మ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పప్పులో బెల్లం లేదు. ఎవరికీ నచ్చలేదు. నాలుగో రోజు మళ్ళీ వచ్చింది.

మేడం ఆ ఉపన్యాసాన్ని పాడ్‌కాస్ట్‌గా మళ్ళీ చెప్పించారు. సూరత్ మొత్తంలో చప్పుడు లేని చోటు చిన్నబాపు గోదామేనని తేలింది. చుట్టూ చీరల మూటలు, మధ్యలో నేను. తలుపు దగ్గర చిన్నబాపు కాపలా. (ఇప్పటికీ అది వింటే, జొన్నరొట్టె దగ్గర 'చుప్! అందర్ రికార్డింగ్ చాలూ హై!' అన్న కేక స్పష్టంగా వినిపిస్తుంది.) బాపు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి వినిపించాను. చివరిదాకా విన్నాడు. తీసి చేతికిచ్చాడు. "మంచిగనే ఉంది గని, మూతి కనబడ్తలేదు" అన్నాడు.

హాస్టల్ తెరిచారు. స్టేషన్లో అందరూ మాస్కులతో ఉన్నారు. బాపుకు మాస్కంటే ముక్కుకు పెట్టుకునేది కాదు, అవతలివాళ్ళ నోటికి వేసిన తాళం. కార్ఖానాలో దాన్ని గడ్డం కిందికి దించే మాట్లాడుకునేవారు, సేటు తిట్టినప్పుడల్లా పైకి లాగేవారు. రైలు కదిలింది. పక్క పట్టాల మీద గూడ్సు బండి ఒకటి హోరుమంటూ పోతోంది. అమ్మ ఏదో అరుస్తోంది గానీ ఒక్క ముక్క వినిపించలేదు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, ఆ ఎర్రగీత సంగతి బాపుకు ఎప్పటికీ తెలియదు కదా అని, చాలా తెలివైనదాన్నని అనుకుంటున్నాను. ఇప్పుడు వారం వారం పిల్లల ముందు నిలబడి గొంతెత్తి పాఠం చెప్పేటప్పుడు, కిటికీలోని ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది.

బాపు ప్లాట్‌ఫాం మీద నాలుగడుగులు నాతోపాటు నడిచాడు. మాస్కు గడ్డం కిందికి దించాడు. గొంతెత్తకుండా, నోరు బాగా తెరిచి, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాడు:

"అక్కడన్న మైకు చాలూ జేస్కొని మాట్లాడు బిడ్డా."