స్టీలు డబ్బాల వెనక అడాప్టర్

శుక్రవారం, ఈ ఎడారి దేశంలో మాకు సెలవు. రెండు వాయిల బట్టలు ఉతికాను, వారానికి సరిపడా ఇడ్లీ పిండి రుబ్బాను, కిటికీల్లో ఇసుక తుడిచాను. ఆ తర్వాత టేబుల్ కింద ఉన్న డెస్క్‌టాప్‌కు కొత్త వైఫై అడాప్టర్ పెట్టాను. యాంటెన్నా ఉన్నదైతే దుమ్ము తుడిచేటప్పుడు అడ్డమని, గోరంత ఉన్నదాన్ని ఏరి కొన్నాను.

ఆరింటికి మా బిల్డింగ్ పిల్లలకు, ఇంట్లో అందరూ పట్టరని, ఆన్‌లైన్‌లో నా మొదటి తెలుగు క్లాసు. ఐదున్నరకు పరీక్షించి చూస్తే వీడియో కదల్లేదు. కంగారుగా పక్క ఫ్లాట్ షాహీన్‌ను పిలిచాను. కరీంనగర్ పిల్ల. టేబుల్ కిందికి వంగి ఒకటే నవ్వు.

"అక్కా, మిషన్ చుట్టూ బియ్యం డబ్బా, పప్పు డబ్బా, అన్నీ స్టీలువే పెట్టినవ్! ఇగ సిగ్నల్ ఎట్లొస్తది?"

"ఈ ఇరుకింట్లో నెల సరుకులు ఇంకెక్కడ పెట్టను?"

"సరుకులు ఆడనే ఉండనియ్. దీన్నే పైకి తీద్దాం, యల్లా, పా!"

వాళ్లింటి నుంచి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి, అడాప్టర్‌ను టేబుల్ మీదికి చేర్చింది. ఆరింటికి పిల్లలందరూ ఒక్క గొంతుతో "అ, ఆ" అంటుంటే నాకు పట్టరాని సంతోషం.

దుమ్ముగుడ్డ సౌకర్యం చూసి అడాప్టర్ ఎంచుకున్నది నేనొక్కదాన్నేనా? చెప్పండి.

చేసిన సాయానికి షాహీన్ పులిహోర అడిగింది. ఇప్పుడే గిన్నె నిండా ఇచ్చి వచ్చాను. బాకీ చెల్లు.