పొయ్యి ఎక్కని తీపి

మొన్న మా మనవడికి జ్వరం తగిలింది. మంచం మీద నుంచే వాడు సీతాఫలం కావాలని గొణుగుతుంటే, మా కోడలు డాక్టరును అడిగి వచ్చి, పండు అడిగితే పెట్టమన్నారని చెప్పి, ఏదో పత్రికలో చూసిందట, గాజు గ్లాసులో రొట్టెముక్కలూ అరటిపండూ సీతాఫలం గుజ్జూ పొరలు పొరలుగా పేర్చడానికి అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది. జ్వరంలో సీతాఫలమా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ తీపి నాకు పరాయిది కాదు. దాని సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు గానీ, మీరు నా ఈడువాళ్లు, పుదుచ్చేరిలో ఫ్రెంచి జెండా ఎగురుతుండగా పెరిగినవాళ్లు, మీతో చెప్పుకుంటే అర్థమవుతుంది.

మా మేనత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. రోజూ పొద్దున్నే పెద్ద కాలువ దాటి, తెల్లవాళ్ల వీధుల్లో ఒక దొరసాని పిల్లల్ని చూసుకునే పనికి పోయేది. ఆ ఇంట్లో రొట్టె మీద పండ్లు, పండ్ల మీద గుడ్డు వేసి కాచిన చిక్కటి పాలు పోసి చల్లగా తినే తీపి ఒకటి చేసేవారట. అత్త గుడ్డు ముట్టదు. అందుకని గుడ్డు పాలకు బదులు సీతాఫలం గుజ్జు వేసి, రొట్టెను కొబ్బరిపాలలో తడిపి, మాకోసం తనదైన తీపి ఒకటి కనిపెట్టింది. అంచు విరిగిందని దొరసాని పారేయబోయిన గాజు గిన్నెను అడిగి తెచ్చుకుంది. పొరలు ఆ గిన్నె పక్కల నుంచి కనబడుతుంటే మేం ముక్కులు ఆనించి చూసేవాళ్లం.

చిక్కల్లా మా అవ్వతో వచ్చింది. ఆ రోజుల్లో మా ఊరి రొట్టెల పిండి కల్లుతో పులిసేది, అవ్వకేమో కల్లు పేరు వింటేనే ఒళ్లు మండేది. రొట్టె వంటింటి గడప దాటడానికి వీల్లేదంది. అయితే మనవలు అడిగితే మా అవ్వ శాస్త్రానికి ఎప్పుడూ ఒక దొడ్డిదారి ఉండేది. మా ముఖాలు చూసి, "పొయ్యి ఎక్కనిది వంట గాదు. వీధరుగు మీద ఏం జేసుకుంటారో జేసుకోండి, నేను చూళ్లా" అంది.

అలా అరుగు మీద మా వంట కాని వంట సాగేది. రొట్టెముక్కలు తడిపి పరచడం నా పని, బెల్లం పొడి చల్లడం చెల్లిది, అందులో సగం దాని నోట్లోకే పోయేది. తమ్ముడిది సీతాఫలం. చెల్లి గొంతులో గింజ పడుతుందని వాడికి భయం, గుజ్జులో ఒక్కటి కూడా మిగలనిచ్చేవాడు కాదు. తీసిన ప్రతి గింజనూ నున్నగా అయ్యేదాకా చప్పరించి పక్కన పెట్టేవాడు. ఎంగిలి, ఎంగిలి అని అవ్వ లోపలి నుంచి గొణిగితే, చూళ్లా అన్నావు గదా అని అత్త నవ్వేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ఊరంతా విషజ్వరం పాకింది. మా వీధిలో మనిషి మంచం పట్టని ఇల్లు లేదు, మా ఇంట్లో తమ్ముడు పడ్డాడు. ఏంబలం ఊరి నుంచి బండి మీద వచ్చిన సీతాఫలాలు అత్త అప్పటికే కొని బియ్యం కుండలో మగ్గబెట్టింది. ఆ సంగతి వాడికి తెలుసు, కళ్లు తెరిచినప్పుడల్లా వాటినే అడిగేవాడు. లంఖణం పరమౌషధం అని నమ్మిన రోజులవి, అందులోనూ సీతాఫలం చలవ, కఫం కమ్ముతుందని పెద్దలందరిదీ ఒకటే మాట. అమ్మ వాడి తల నిమురుతూ, "జొరం తగ్గనీ నాయనా, గిన్నె నిండా చేసి పెడతా" అనేది. వాడు సరేనని కళ్లు మూసుకునేవాడు. కాస్త మంకుపట్టు పట్టినా బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. జ్వరం తగ్గలేదు.

ఒకనాడు తెల్లవారేసరికి వాడు లేడు. నాన్న వాణ్ణి గుడ్డలో చుట్టి భుజాన వేసుకుని వెళ్లి, ఉత్త చేతులతో తిరిగి వచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మ ఏడవలేదు. వాడి చాప పక్కన కూర్చుని, మేం పిలిచినా పలకలేదు, మా వైపు చూడనైనా లేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, అన్నం ఇరుగుపొరుగు నుంచి రావాలి. ఆ రోజు ఎవరూ తేలేదు. వాళ్లను అనడానికి లేదు, వాళ్ల ఇళ్లలోనూ లేచి నిలబడే మనిషి లేడు. పొద్దు వాలేసరికి చెల్లి ఆకలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది.

అప్పుడు అత్త లేచి అవ్వ ముందు నిలబడి, పొయ్యి ఎక్కనిది వంట గాదన్నావు గదమ్మా అని మెల్లగా అడిగింది. అవ్వ కొంగు ముఖాన కప్పుకుంది. అత్త బియ్యం కుండలో చెయ్యి పెట్టింది. పండ్లు పట్టుకుంటే పిగిలిపోయేలా మాగి ఉన్నాయి. చావింట తీపి చేయకూడదని అత్తకు తెలియక కాదు, ఇంట్లో నిప్పు లేకుండా అయ్యేది అదొక్కటే. అత్త ముందురోజు తెచ్చి ఉంచిన రొట్టెను అరుగు మీద నేను ఎప్పటిలాగే తడిపాను, చెల్లిని లేపి బెల్లం చల్లించాము. గింజలు తీసేవాడే లేడు. అత్త గుజ్జును గింజలతోనే గిన్నెలో వేసింది.

తల ఎత్తి చూస్తే అమ్మ గడపలో నిలబడి ఉంది. వాడు అడిగి అడిగి తినకుండా పోయిన పండు. ఆ గిన్నె ఎత్తి వీధిలో విసిరి కొడుతుందనుకున్నాను. అమ్మ వంగి గిన్నెలోకి చూసింది.

"గింజలు తీయలేదేంది వదినా. పాప గొంతులో పడితే?"

అంటూ వచ్చి మా మధ్య కూర్చుంది. గిన్నెలో చెయ్యి పెట్టి గింజలు ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూ ఏరుతూ ఒక గింజను నోట్లో వేసుకుని, వాడిలాగే చప్పరించింది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే చెల్లికి తినిపించింది, నాకూ తినిపించింది. తను మాత్రం బతికినంతకాలం మళ్లీ సీతాఫలం ముట్టలేదు.

ఆ జెండా దిగిపోయింది, రొట్టెలో ఇప్పుడు కల్లు పోయరు, అత్త లేదు, ఆ గిన్నె ఎప్పుడు పగిలిందో కూడా నాకు గుర్తు లేదు. జ్వరం వచ్చిన పిల్లవాడు పండు అడిగితే డాక్టరే పెట్టమంటున్నాడు. ఆ పండు తింటే మా తమ్ముడు బతికేవాడని నేననను. తిని పోయేవాడు, అంతే.

మొన్న కోడలి చేతిలోంచి పండు తీసుకుని గింజలు నేనే తీశాను. మనవడు గ్లాసు అడుగుదాకా గోకి తిని, ఇంకా ఉందా అవ్వా అని అడిగాడు. ఉంది నాయనా, తిను అన్నాను. ఇంత చిన్న మాట. మా అమ్మను ఆనాడు ఈ మాట అననిచ్చినవాళ్లు లేకపోయారు.