పాముకి చాటు కట్టిన మేస్త్రీ

ఈ అరబ్బు దేశంలో మనవైపు పనివాళ్లుండే సిత్రా క్యాంపు నుంచి ఫోను వచ్చింది. మా వడ్రంగి మేస్త్రీ పోయారట. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే కుప్పకూలారట. మూడు రోజులైంది. ఊరికి పంపే కాగితాలు పూర్తికాక శవాన్ని ఇంకా ఆస్పత్రిలోనే ఉంచారు. నాకు ఏ పనీ సాగడం లేదు. ఇస్త్రీ మధ్యలో ఆపి వంటగదిలోకి వెళ్తాను. ఎందుకు వెళ్లానో గుర్తుండదు.

ఆయనది జగిత్యాల వైపు, మాది కోనసీమ. బుదైయా ఊళ్లో నేను ఇంటిపని చేసే విల్లాలో పాముకి ఇల్లు కట్టడానికి వచ్చినప్పుడు పరిచయమయ్యారు. ఇంటి యజమానిని మేం బాబా అంటాం. ఆయన చిన్న కొండచిలువను పెంచుకుంటున్నారు. హాలు మధ్యలో నాలుగు వైపులా అద్దాలు, లోపల తెల్లరాళ్లు, పైన పెద్ద దీపం కావాలన్నారు. మేస్త్రీ అచ్చం అలాగే చేశారు. అద్దానికీ చెక్కకీ మధ్య వెంట్రుక దూరదు. వచ్చినవాళ్లంతా ఫోటోలు తీసుకున్నారు.

వారం తర్వాత తలుపు బిగువు సరిచేయడానికి వచ్చి, పాము ముందు చతికిలబడ్డారు. అది అద్దం వెంబడి తిరుగుతూనే ఉంది. రాపిడికి ముక్కు ఎర్రబడింది.

“ఎన్ని దినాల సంది గిట్ల తిరుగుతాంది చెల్లె?”

“ఇందులో పెట్టిన కాడ్నించీ ఇంతే అన్నా. తిండి కూడా ముట్టట్లేదు.”

“దాసుకుందామంటె జాగేది? నడిబజార్ల కూసవెట్టినట్టు చేసిన. తప్పు నాదే.”

ఆయనకు పాములంటే భయం. అది తలెత్తితే అద్దం ఇవతల ఈయన వెనక్కి జరిగేవారు. అయినా పాములు పెంచేవాళ్ల వీడియోలన్నీ చూసి, సెలవు రోజున మళ్లీ వచ్చారు. మూడు వైపులా మూసేయాలి, దూరడానికి గూళ్లు పెట్టాలి, ఒళ్లు కాలకుండా దీపానికి జాలీ కట్టాలి. ఇదంతా బాబాకి అరబ్బీలో చెప్పమన్నారు నన్ను.

నేను భయపడి, కుదిరితే చూడండి అన్నట్టుగా చెప్పాను. మేస్త్రీ నా మొహం చూసి పట్టేశారు.

“మెత్తగ చెప్పినవ్ చెల్లె. నేనన్నట్టె చెప్పు. మీరు దాన్ని సూసి మురుస్తున్రు, అది మిమ్మల్ని సూసి బెదురుతాంది అని.”

చెప్పాను. బాబాకి కోపమొచ్చింది. అందం కోసం చేయించుకున్నదాన్ని మూసేస్తారా అన్నారు. కంపెనీకి ఫోను చేసి ఇద్దర్నీ ఇంటికి పంపించేస్తానన్నారు. మేస్త్రీ కదల్లేదు. వేలితో పాము ముక్కు చూపిస్తూ అలాగే నిలబడ్డారు. బాబా వంగి చూశారు. నడుం ఎత్తి, “ఖలాస్, సరే కానివ్వండి, ఒక్క వారం చూస్తాను” అన్నారు.

మేస్త్రీ మూడు వైపులా బెరడు పలకలు వేశారు. రాళ్లు తీసేసి మట్టి, ఆకులు పరిచారు. వెచ్చటి వైపు ఒక గూడు, చల్లటి వైపు ఒక గూడు. ప్రతి అంచునూ అరచేత్తో తడిమి చూసేవారు. “దానికి చేతులుంటయా? ఒళ్లంతా చెయ్యే. మనకు గుచ్చుకుంటె దానికీ గుచ్చుకుంటది.”

నాలుగో రోజుకి పాము తిరగడం మానేసి గూట్లోంచి ముక్కు మాత్రం బయటపెట్టి పడుకుంది. వారం నిండకముందే తిండి తిన్నది. బాబా తనే మేస్త్రీకి ఫోను చేసి చెప్పారు. ఇప్పుడొచ్చేవాళ్లు వంగి, ఆకుల మధ్య దాన్ని వెతుక్కుని, కనబడగానే చిన్నపిల్లల్లా నవ్వుతారు.

ఆ తర్వాతే నేను నా మాట నాకోసం కూడా చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఏళ్ల తరబడి అడగలేని సెలవు ఈ వేసవిలో అడిగాను. బాబా ఇచ్చారు. ఆ సంగతి మేస్త్రీకి చెప్పనేలేదు.

ఇవాళ నీళ్ల గిన్నె మార్చడానికి తలుపు తెరిస్తే ఆకుల మీద కుబుసం కనిపించింది. ముక్కు నుంచి తోక దాకా ఎక్కడా చిరగలేదు. చేతిలోకి తీసుకుంటే ఏసీ గాలికి వణికింది. ఎక్కడ పెట్టాలో తోచలేదు. దాన్ని అలాగే రెండు చేతుల్లో పట్టుకుని హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకి నడుస్తూ ఉండిపోయాను.