నీళ్ళ అడుగున అన్నం

మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే ఇతిశ్రీ ముందుగా తన పళ్ళెం చూసుకునేది కాదు. ఎడమ పక్కవాళ్ళ పళ్ళెం చూసేది, తర్వాత కుడి పక్కవాళ్ళది. ఆఖరికి గుమ్మం దగ్గర మా పిల్లి ముందున్న చేప ముల్లు కూడా ఓసారి చూసి, అప్పుడు తన అన్నంలో చెయ్యి పెట్టేది. పోయిన వేసవి దాకా సంగతి ఇదీ.

కటక్‌లో బక్షీబజారులో మా ఇల్లు. మేడ మీద గదులు ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళకు అద్దెకిచ్చి, కింద వంటింట్లో అందరికీ కలిపి నేనే వండుతాను. ఇరవై రెండేళ్ళుగా అందరూ నన్ను మావుసీ, అంటే పిన్నీ, అని పిలిచీ పిలిచీ, నా అసలు పేరు ఓటరు కార్డు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. మా ఆయన కూడా ఒకసారి పరాకున మావుసీ అని పిలిస్తే, ఆ పూట ఆయనకు చేప ముక్క వెయ్యలేదు.

ఇతిశ్రీది భద్రక్. ఇరవై ఆరేళ్ళ పిల్ల. నయాసడక్‌లో తారకసి నగల దుకాణంలో పనిచేస్తుంది. వెంట్రుకంత సన్నటి వెండి తీగతో అల్లే నగలవి. అద్దాల పెట్టెలో ఉండే చిన్న త్రాసు ముందు కూర్చుని, ఒక్కో పువ్వునీ, ఒక్కో రెక్కనీ తూస్తుంది. ఊపిరి గట్టిగా వదిలినా ముల్లు ఊగే త్రాసు అది. సాయంత్రం దుకాణం మూసేటప్పుడు త్రాసును అక్కడే వదిలి రావాలి కదా, ఈ పిల్ల కళ్ళలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసేది.

మా ఇంటికి రాకముందు జరిగింది కూడా చెప్పాలి. ఎవరో పిన్ని కూతురి పెళ్ళికి సన్నబడాలని కొద్దిరోజులు అన్నం మానేసిందట. ఆ పెళ్ళి అయింది, ఆ పెళ్ళికూతురికి కొడుకు పుట్టాడు, వాడు నడుస్తున్నాడు కూడా. ఈమె మానేసిన అన్నం మాత్రం తిరిగి రాలేదు. అన్నం తర్వాత రాత్రి భోజనం పోయింది, ఆ తర్వాత పొద్దుటి పలహారం పోయింది. ఒకనాడు దుకాణంలో త్రాసు ముందే కళ్ళు తిరిగి పడిపోయింది. నెల రోజులు ఆసుపత్రిలో ఉంది. అక్కడి డాక్టరమ్మ ఏ పూట ఏం తినాలో, ఎంత తినాలో ఒక కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితాన్ని నేను వంటింటి తలుపు వెనక అంటించాను.

వాళ్ళమ్మ ఇంటికి తీసుకుపోతానని పట్టుబట్టింది. ఈ పిల్ల ఆ త్రాసుని వదిలి రానని ఏడ్చింది. చివరికి మా మేడ మీద గది తీసుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. రెండు వారాలకొకసారి డాక్టరమ్మకు చూపించుకోవాలి. వచ్చే జూన్‌లో రజో పండగలోపు గనక మళ్ళీ నీరసిస్తే ఉద్యోగం వదిలి, పెట్టె సర్దుకుని భద్రక్ వెళ్ళిపోవాలి. వాళ్ళమ్మ ఈ మాట నాతో కూడా అనిపించుకుని మరీ రైలెక్కింది.

తినాలని ఇతిశ్రీకి లేదనలేను. తింటానంటుంది, కూర్చుంటుంది. కానీ పక్కవాళ్ళకన్నా ఒక్క మెతుకు ఎక్కువైతే ఆమె గొంతు దిగదు. పోనీ తన పక్కన ఝరణాని కూర్చోబెట్టానా! ఝరణా కూడా మేడ మీదే ఉంటుంది, నర్సు. ఆమె అన్నం తింటుంటే చూసేవాళ్ళకి కూడా ఆకలేస్తుంది.

"చూడవే ఝరణాని, ఎంత ముద్దుగా తింటోందో," అన్నాను.

"ఆమె రోజంతా వార్డులన్నీ తిరుగుతుంది మావుసీ. నేను కూర్చునే పని చేస్తాను."

"అయితే మీ మావుసాని, మా ఆయన్ని చూడు."

"ఆయన మగవాడు."

"నన్ను చూడు!"

నన్ను కింది నుంచి పైదాకా చూసి మర్యాదగా ఊరుకుంది. దానికర్థం నాకు తెలీదా! కోపం వచ్చింది కానీ దిగమింగాను.

ఇంతమందికీ ఇన్ని సాకులు చెప్పిన పిల్ల, ఒక్కరి విషయంలో మాత్రం నోరెత్తేది కాదు. ఆవిడ కుముదిని అపా, అపా అంటే మా దగ్గర అక్క. ఆడపిల్లల బడిలో గుమాస్తా. యాభై రెండేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, ఆరేసిన చీరకూ ఆవిడకూ పెద్ద తేడా ఉండదు. ఎంగిలి పట్టింపు విపరీతం. తన కంచు గిన్నె ఎవరినీ తాకనివ్వదు, తనే తోముకుంటుంది. అందరికన్నా ముందు కుండలోంచి తనే పెట్టుకుని, కిటికీ పక్కన పీట వేసుకుని మాకు రెండు బారల దూరంలో కూర్చుంటుంది. ఇతిశ్రీ కొలబద్ద ఆవిడే అయింది. అపా ఎంత తింటే అంత, వీలైతే ఇంకాస్త తక్కువ.

మార్చి వచ్చిందంటే మా ఊళ్ళో మధ్యాహ్నం పఖాళే. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టి, పెరుగు, నిమ్మాకు వేసుకుని, పక్కన వేయించిన చేప, ఆవనూనెతో మెదిపిన ఆలుగడ్డ, బడీలనే మినప వడియాలు వేయించి నలిపిన పొడి పెట్టుకుంటే, ఎండ ఎంత మండినా మాకు లెక్క లేదు. తిన్నాక ఎక్కడివాళ్ళు అక్కడే నిద్రపోతారు. పఖాళకి ఒక గుణం ఉంది. లోతు గిన్నెలో పోసుకుంటే అన్నం అడుగుకి పోతుంది, పైన నీళ్ళు తప్ప ఏమీ కనపడవు.

మూడు నెలలపాటు ఇతిశ్రీ చూసింది ఆ నీళ్ళనే. అపా గిన్నెలో నిండా నీళ్ళు, వాటి మీద ఒక నిమ్మాకు, రెండు మెతుకులు. తనదేమో స్టీలు పళ్ళెం. ఎంత తింటున్నదీ తెలియాలని తనే ఏరి తెచ్చుకుంది. అందులో అన్నం చుట్టూ నీళ్ళు నిలిచి, మధ్యలో చిన్న గుట్టలా పైకి కనపడేది. ఆ గుట్టని చూసుకుని సిగ్గుపడేది, పాపం. సగం తిని, మిగతా సగం చేప ముళ్ళ కింద దాచి లేచిపోయేది. పళ్ళేలు తోమేది నేను కదా, నాకు తెలియకుండా ఎక్కడికి పోతుంది?

మే నెల మధ్యలో డాక్టరమ్మ ముఖం చిట్లించింది. మళ్ళీ నీరసిస్తోంది, రెండు వారాల్లో కోలుకోకపోతే ఇంటికి పంపడమే మంచిదని తేల్చి చెప్పింది. భద్రక్ నుంచి ఫోన్ వచ్చింది. సావిత్రి వ్రతం మర్నాడు వస్తాను, పెట్టె సిద్ధంగా ఉంచమను అని వాళ్ళమ్మ అంది. ఇతిశ్రీ ఆ సాయంత్రం మేడ మెట్ల మీద కూర్చుని తన బొటనవేలు గోరు చూసుకుంటూ ఉండిపోయింది.

అప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. మా ఆయన లోతు గిన్నె తీసి, అడుగున అన్నం ఒత్తి ఒత్తి పెట్టి, పైన నీళ్ళు పోసి ఇతిశ్రీ ముందు పెట్టాను. పైకి చూస్తే అచ్చం అపా గిన్నెలాగే ఉంది. పిల్ల సంతోషంగా నాలుగు ముద్దలు తింది. ఐదో ముద్దకి వేళ్ళు అడుగున తగిలాయి. చెయ్యి ఆగిపోయింది.

"ఎంత పెట్టావు మావుసీ?"

"ఎప్పుడూ పెట్టేదేనే."

"అబద్ధం." ఆమె కళ్ళు నిండిపోయాయి. "నా కళ్ళని కూడా నేను నమ్మను. ఈ ఇంట్లో నేను నమ్మింది నీ చేతినొక్కదాన్నే."

చెయ్యి కడుక్కుని పైకి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. తప్పు నాదే, ఇంకెవరి మీదా నెట్టడానికి వీల్లేదు. అయినా మర్నాడు ఆ పిల్ల భోజనానికి దిగకపోయేసరికి, నెట్టడానికి మనిషి కోసం వెతికాను. కిటికీ పక్కన అపా దొరికింది.

"అంతా నీ వల్లే కుముదినీ! ఆ పిల్ల నిన్ను చూసి తింటోంది. నువ్వేమో నీళ్ళు తాగి లేస్తావు!"

అపా ముద్ద నోటి దగ్గరే ఆపింది. "నేనా? నీళ్ళా?"

"మరి కాదా? పిట్ట కూడా నీకన్నా నయం!"

ఆవిడ నా వంక, తన గిన్నె వంక మార్చి మార్చి చూసింది. తర్వాత మెట్ల వైపు తిరిగి, బడి గంటలా ఖంగుమంది. "ఇతీ! కిందికి దిగు!"

ఇతిశ్రీ భయపడుతూ దిగింది. అపా తన కంచు గిన్నెని నేల మీద ముందుకు నెట్టింది.

"చెయ్యి పెట్టు."

"అపా, మీరు తింటున్నారు. ఎంగిలి..."

"నా ఎంగిలి సంగతి నేను చూసుకుంటాలే. పెట్టమన్నానా?"

ఒకప్పుడు నేను ఆ గిన్నెని పొరపాటున పక్కకి జరిపితే, చింతపండు పెట్టి మూడుసార్లు తోమిన మనిషి ఆవిడ. ఇతిశ్రీ వేళ్ళు ముంచింది, తర్వాత అరచెయ్యి, తర్వాత మణికట్టు. గాజు కంచుకి తగిలి మోగింది. చెయ్యి పైకి తీస్తే పిడికిలి నిండా అన్నం. మళ్ళీ ముంచింది, మళ్ళీ అన్నం.

"జగన్నాథా! అపా, ఇది గిన్నా, మహానదా?" అని ఝరణా కేక పెట్టింది.

అప్పుడు వెలిగింది నాకు. కుండలో అన్నం ఎప్పుడూ అంత తొందరగా ఎలా అడుగంటుతోందా అని రెండేళ్ళుగా నేను ఝరణాని అనుమానిస్తున్నాను. ఆ సంగతి అక్కడే నోరు జారాను కూడా. ఝరణా వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇతిశ్రీ మాత్రం నవ్వలేదు. కోపంతో ఊగిపోయింది. "మూడు నెలలు అపా! మూడు నెలలు మిమ్మల్ని చూసి నేను..."

"నన్ను చూసి తినమని నేను చెప్పానా?" అంది అపా. "నా ఒళ్ళు ఇలాగే ఉంటుంది, మా అమ్మదీ ఇంతే. రోజూ ఇంతే తింటాను, తిని పడుకుంటాను. నా గిన్నెతో నీకేం పని?"

ఆ తర్వాత పది రోజులు బాగానే గడిచాయి. ఇతిశ్రీ అపా పక్కకి పీట జరుపుకుని, ఆవిడ ఎంత పెట్టుకుంటే అంత పెట్టుకుని తింది. నేను మురిసిపోయాను. అపాకి మాత్రం ఇది నచ్చలేదు. "కొలబద్ద అదే కదా మావుసీ. రేపు నాకు జ్వరం వస్తే దీని గతేమిటి?" అంది నాతో.

జ్వరం రాలేదు, సావిత్రి అమావాస్య వచ్చింది. అపా తన అక్కగారితో పూరీ వెళ్ళింది. ఝరణా డ్యూటీలో ఉంది. నేనేమో కొత్త చీర కట్టుకుని, కొత్త గాజులు తొడుక్కుని ఉపవాసం. మొగుడున్న ఆడవాళ్ళం ఆ రోజు అన్నం ముట్టం. ఆ మొగుడుగారు రెండుసార్లు పఖాళ కలుపుకుని, వరండాలో మంచం మీద పడి గురక పెడుతున్నారు. మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ రైలు దిగుతుంది, పది గంటలకు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి.

ఇతిశ్రీ కూర్చుంది. ఎడమ పక్క చూసింది, గోడ. కుడి పక్క చూసింది, గోడ. ఇక నన్ను చూసింది.

"నువ్వేం తినవా మావుసీ?"

"పూజయ్యాక పళ్ళు తింటాలే."

"నువ్వు పస్తుంటే నేనెలా తినను?"

గొంతు ఎంత తియ్యగా ఉందో! ఆ తియ్యదనం నాకు తెలుసు. దాని వెనకాల ఏముందో కూడా తెలుసు. నా నోరు ఆగలేదు.

"నేను మా ఆయన నూరేళ్ళు బతకాలని పస్తున్నానే. అదిగో వినపడుతోందిగా, బతికే ఉన్నాడు. నువ్వెవడి కోసం పస్తుంటున్నావు? చెప్పు, ఆ మహానుభావుణ్ణి నేనూ ఓసారి చూస్తా!"

సరిగ్గా అప్పుడే వరండాలో గురక ఒక్కసారి తెగి, మళ్ళీ అందుకుంది. ఇతిశ్రీ ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

"ఎవరి కోసమూ కాదు మావుసీ. భయం. పక్కన ఎవరూ లేకపోతే ఎంత తినాలో నాకు తెలీదు. ఆకలేస్తోందో లేదో కూడా తెలీదు."

ఇక ఆటపట్టించబుద్ధి కాలేదు. తలుపు జరిపి వెనకనున్న కాగితం చూపించాను. "తెలిసేదాకా ఇది ఉందిగా. డాక్టరమ్మ ఇది అపాని చూసి రాయలేదు, ఝరణాని చూసి రాయలేదు. నిన్ను చూసి రాసింది."

చాలాసేపు ఆ కాగితం చూసింది. లేచి వెళ్ళి, ఎప్పుడు కొనుక్కొచ్చిందో ఏమో, పైనుంచి ఒక కొత్త లోతు గిన్నె తెచ్చుకుంది. కాగితంలో ఉన్నంత తనే పెట్టుకుని నీళ్ళు పోసుకుంది. నేను పొయ్యి వైపు తిరిగి, తుడిచిన గట్టునే మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాను. వెనక్కి తిరగాలని ప్రాణం కొట్టుకుంది కానీ తిరగలేదు. బడీలు కరకరలాడడం వినపడింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ కరకర.

"మావుసీ, బడీ ఇంకొంచెం ఉందా?"

ఆ పిల్ల మా ఇంటికొచ్చి ఏడాది. ఆ నోట 'ఇంకొంచెం' అనే మాట వినడం అదే మొదటిసారి. మా ఆయన రాత్రి భోజనానికని దాచిన బడీలన్నీ దాని గిన్నె పక్కన దులిపేశాను. నూరేళ్ళు బతకబోయే మనిషి, ఒక పూట బడీలు లేకపోతే ఏమవుతుంది?

మర్నాడు డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇలాగే సాగనివ్వండి, ఇక్కడే ఉండనివ్వండి అంది. వాళ్ళమ్మకి నమ్మకం కుదరలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూతురి పక్కనే కూర్చుని, మెడ సాచి సాచి ఆ గిన్నెలోకే చూస్తోంది.

ఇతిశ్రీ తలెత్తలేదు. ముద్ద మింగి, తల్లితో, "బోవూ, నీ గిన్నె నువ్వు చూసుకో. నీ దాంట్లో అన్నీ నీళ్ళే," అంది.

నిజమే. ఏడాదిగా ఆ తల్లి తిండి ఎవరూ చూడలేదు. ఇతిశ్రీ ఎడమ చేత్తో గరిట అందుకుని తల్లి గిన్నెలో అన్నం వేసింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని తినడం మొదలుపెట్టింది. సాయంత్రం రైలుకి ఆవిడొక్కతే వెళ్ళింది.